నా పాత పడవ

పాత పడవను కొనవద్దని నాకు చెప్పినవారు లేకపోలేదు. విననివాణ్ణి నేనే. 2006లో చెన్నైలో ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దమనిషి తన తెరచాప పడవను అమ్మదలచినాడని తెలిసి, ఊరక చూచి వద్దామని వెళ్ళినవాణ్ణి బయానా ఇచ్చి తిరిగి వచ్చాను. పడవ పొడవు 27 అడుగులు. టేకు పలకలు, ఒకే తెరచాపకొయ్య, రెండు చాపలు, లోపల ఇద్దరు పడుకొనేటంత చోటు, ఒక చిన్న డీజిలు యంత్రం. దానికి అప్పటికే ముప్పై యేండ్లు నిండినవి. బేరం ముగిసిన తరువాత ఆయన వెనుక గోడకు ఆనించి ఉన్న ఎనిమిదడుగుల డింగీని చూపి, “ఇదీ మీదే” అన్నాడు. కొసరుగా వచ్చినది గదా అని దానిని నేను అప్పుడు సరిగా చూడను కూడా లేదు.

నా వృత్తి అనువాదం. హిందీ నుండి తెలుగులోకి, ఎప్పుడైనా తెలుగు నుండి హిందీలోకి. ఇట్టివానికి పడవ ఎందుకని అడుగవచ్చును. మా స్వస్థలం యానాం. గౌతమీ గోదావరి ఒడ్డున తెలుగునాటి నడుమ ఉండికూడా, ఫ్రెంచివారి పాలన మూలాన నేటికీ పుదుచ్చేరిలో భాగంగానే ఉన్న చిన్న పట్టణమది. మాకు కూతవేటు దూరంలోనే కోరంగి. ఒకనాడు ఓడలు కట్టిన రేవు; 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలకు దెబ్బతిని మళ్ళీ తేరుకొనలేకపోయిన రేవు. మా తాతగారు కోరంగి పేరు చెప్పేటప్పుడు, చనిపోయిన చుట్టాన్ని తలచుకొన్నట్లు ఒక్క క్షణం ఆగేవారు. నేను పుదుచ్చేరిలో స్థిరపడిన తరువాత ఈ రెండు ఊళ్ళ మధ్య ఉన్న దారి రైలుది కాదని, సముద్రానిదని నాకు తోచేది. ఏనాటికైనా ఆ దారిన యానాం వెళ్ళాలన్న కోరికతోనే పడవకు ‘గౌతమి’ అని పేరు పెట్టాను.

మాటలతో బ్రతికేవాణ్ణి గనుక మొదట నన్ను పట్టుకొన్నవి పడవ మాటలే. హిందీలో పడవ మాటలలో చాలా భాగం నదివి. మాఝీ అన్నా, నావ అన్నా గంగ కళ్ళకు కడుతుందిగాని సముద్రం కట్టదు. జయశంకర ప్రసాద్ ‘ఆకాశదీప్’ వంటి కథ వ్రాసి సముద్రాన్ని హిందీలోకి తీసికొనివచ్చినాడంటే అది సామాన్యమైన పని కాదు. తెరచాపకొయ్యకు హిందీలో వాడే ‘మస్తూల్’ పోర్చుగీసువారు విడిచివెళ్ళినది. మన చుక్కాని అరబ్బుల ‘సుక్కాన్’. లంగరు పారసీక దేశం నుండి వచ్చి ఇక్కడ ఓడలను ఆపుతున్నది. ఉత్తరాదిన అదే రూపంలోని మాట గురుద్వారాలలో అన్నం పెడుతున్నది. ఇక డింగీ అన్నది ఇంగ్లీషు మాటేనని నేను చాలాకాలం నమ్మినాను. అది మన ఉత్తరాది నదులపై తిరిగే చిన్న పడవ పేరు. తెల్లవారు దానిని తమ ఓడలకెక్కించుకొని లోకమంతా తిప్పి, మళ్ళీ మనకే తెచ్చి ఇచ్చినారు. కొసరుగా వచ్చిన ఆ పడవకు ఇంత చరిత్ర ఉన్నదని తెలిసిననాడు దాని అడుగు కడిగి రంగు వేసినాను.

పడవకు శత్రువు సముద్రమని గట్టున ఉన్నవారు అనుకొంటారు. అది సగం నిజం. ఉప్పునీరు కొయ్యను అంత తొందరగా కుళ్ళనివ్వదు, కుళ్ళబెట్టేది వాననీరు. డెక్కు మూలలో గాలి తగలని చోట నిలిచిన చెంబెడు వాననీరు లోపలికి ఇంకి, పైకి రంగు నిగనిగలాడుతూ ఉండగానే కలపను పిండి చేస్తుంది. సముద్రం చేసే హాని వేరు. అడుగున గుల్లలు పట్టి నడక మందగిస్తుంది. కొయ్యను తొలిచే ఓడపురుగు చేరుతుంది. పేరుకు పురుగేగాని అది నత్తగుల్లల జాతిది. వీటి కొరకు ఏటా పడవను గట్టుకెక్కించి, గీకి, రాగి కలిసిన రంగు పూయాలి. పలకల సందులలో పాత నూలు తీసి కొత్త నూలు కూరి, మీద లప్పం పట్టించాలి. పూర్వం మన తీరంలో గుగ్గిలం, నూనె కలిపి కాచి పూసేవారు. పోనీ, గట్టున భద్రంగా ఉంచుదామా అంటే, ఎండకు పలకలు ముడుచుకొని సందులు విచ్చుకొంటాయి. మళ్ళీ నీటిలో దింపిన మొదటి రెండు రోజులు జల్లెడలాగా కారుతుంది. పలకలు నీరు త్రాగి ఉబ్బి ఒకదానినొకటి అదుముకొన్న తరువాతగాని అది పడవ కాదు. ఆ రెండు రాత్రులూ పక్కన కూర్చుండి నీళ్ళు తోడవలసినదే.

మరొకటి చెప్పాలి. పడవ అడుగున చిన్న జింకు బిళ్ళలు బిగిస్తారు. ఉప్పునీటిలో వేరువేరు లోహాలు కలిసి ఉన్నచోట ఒకటి కరగక తప్పదు. జింకు తాను ముందుగా కరిగిపోయి కంచు భాగాలను కాపాడుతుంది. ఏటేటా సగం కరిగిన బిళ్ళలను విప్పి కొత్తవి బిగించాలి. ఈ సంగతి ఒకనాడు భోజనాల దగ్గర నా భార్యకు వివరించగా, “మన ఇంట్లో ఆ బిళ్ళ ఎవరో మీకు తెలుసునా?” అన్నది. తెలుసునని ఒప్పుకొన్నాను. పడవ వెలకు రెండింతలు అప్పటికే మరమ్మతులకు అయినది మరి.

ఇట్టి పిచ్చి నాకొక్కనికే పట్టలేదని ఓదార్పు. బొంబాయిలో టేకుతో కట్టి 1964లో నీటిలో దింపిన ‘సుహైలీ’ అనే 32 అడుగుల పడవలో రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ 1968-69లో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టివచ్చినాడు. 312 రోజులు. దారిలో పడవకు నీరు కారగా సముద్రంలో మునిగి, ఊపిరి బిగబట్టి, పలకల సందు తానే పూడ్చుకొన్నాడు. 2017-18లో నౌకాదళానికి చెందిన ఆరుగురు స్త్రీలు ‘తారిణి’లో భూప్రదక్షిణం చేసినారు, వారిలో విశాఖపట్టణానికి చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య తెలుగు బిడ్డలు. అదే తారిణిలో 2024-25లో ఇద్దరే వెళ్ళివచ్చినారు. ఆ ఇద్దరిలో రూప మా పుదుచ్చేరి పిల్ల. శాతవాహనులు తమ నాణెములపై రెండు కొయ్యల ఓడను ముద్రించుకొన్నారని చదివి మురిసేకంటె, ఈ పిల్లలు చాపలు కుట్టుకొన్నారని, నీళ్ళు తోడుకొన్నారని తలచుకొంటే నాకు ఎక్కువ ధైర్యం కలుగుతుంది.

నా పడవ ఉండేది తెంగాయితిట్టు వద్ద, అరియాంకుప్పం ఏటిలో. ఇదే ఏటి గట్టున ఉన్న అరికమేడులో 1945లో వీలర్ త్రవ్వించి రోము దేశపు జాడీల పెంకులు బయటపెట్టినాడు. అంత పాత రేవు. కాని ఏటి మొగ ఎప్పటికప్పుడు ఇసుక మేటవేసి పూడుకొనిపోతుంది. మా తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుండి ఉత్తరానికి నడుస్తూనే ఉంటుంది. మొగ వద్ద రాతికట్టలు కట్టిన తరువాత ఉత్తరాన పట్టణపు ఒడ్డు కోసుకొనిపోయినది. పోటు ఆటుల తేడా సుమారు ఒక మీటరే. నా పడవకు నాలుగున్నర అడుగుల లోతు కావాలి. అందువల్ల అది ఏటి నడుమ లంగరు వేసికొని నిలుస్తుంది. దానిని చేరాలంటే డింగీయే గతి. బియ్యం, మంచినీరు, డీజిలు, పనిముట్లు, వడ్రంగి, నేను, అందరమూ దానిలోనే పోవాలి. పెద్ద పడవ ఏడాదికి ఇరవై రోజులు కదిలితే గొప్ప. డింగీకి సెలవు లేదు. అయినా చూడవచ్చినవారు పెద్ద పడవనే మెచ్చుకొంటారు. అనువాదకునికి ఇందులో క్రొత్త ఏమీ లేదు.

ఇక చెప్పడానికి ఇష్టం లేనిది చెప్పాలి.

2011 డిసెంబరు నెలాఖరున ‘థానే’ తుపాను మా మీదికి వచ్చినది. అప్పటికి నాలుగు నెలలుగా డింగీ తాడు, ముక్కున ఉన్న ఇనుప కడియం రాచుకొన్నచోట, నలిగి పీచు తేలుతూ ఉన్నది. నేను చూచినాను. చూచిన ప్రతిసారీ వచ్చే ఆదివారం మార్చుదాములే అనుకొన్నాను. చాపలు కొత్తవి కుట్టించుటకు వేలు ఖర్చుచేసినవాణ్ణి, పది బారల తాడు కొనుటకు బద్ధకించినాను. చిన్నదానికి చేసే మరమ్మతు ఎవరికీ కనబడదు గదా!

29వ తేదీ సాయంకాలం పడవను ఏటి లోపలికి చేర్చి రెండవ లంగరు వేయవలసి వచ్చినది. నా పడవ పనులన్నీ చూచే ముసలి ఆచారి పడవలో నాతో ఉన్నాడు. ఆయన మేనల్లుడు ఇరవై యేండ్లవాడు; లంగరును డింగీలో వేసికొని వెళ్ళినాడు. ఎదురుగాలికి తెడ్లు పనిచేయవు గనుక డింగీని తాడుతో పడవకు కట్టి, లంగరు వేసిన తరువాత మేము లాగాలని ఏర్పాటు. లంగరు వేసినాడు. మేము లాగినాము. సగం దూరంలో తాడు తెగినది. నా చేతిలో బరువు పోయి నేను వెనుకకు పడినాను. లేచి చూచేసరికి డింగీ లేదు. వాన తెరవలె కప్పేసినది. ఆచారి మేనల్లుడి పేరు పెట్టి పిలిచినాడు. మళ్ళీ మళ్ళీ పిలిచినాడు. మాకు వేరే పడవ లేదు. ఆ రాత్రి మేమిద్దరమూ ఒకే గదిలో కూర్చుండి నీళ్ళు తోడుతూనే ఉన్నాము. ఒకరి ముఖం ఒకరము చూడలేదు.

30వ తేదీ ఉదయం తుపాను కడలూరుకు, పుదుచ్చేరికి మధ్య తీరం దాటినది. గాలి తగ్గిన తరువాత చేపలవారి పడవ ఒకటి మమ్మల్ని దింపుకొన్నది. ఊళ్ళో నిలిచిన చెట్టు అరుదు. పిల్లవాణ్ణి పది గంటల వేళ మడచెట్ల వేళ్ళ మధ్య కనుగొన్నారు. డింగీ తిరగబడి అతనిమీద గొడుగువలె ఉన్నది. మోచేయి విరిగినది. ప్రాణంతో ఉన్నాడు. నన్ను చూచి, “తాడు తెగింది సార్” అన్నాడు. తప్పు తాడుదన్నట్లే అన్నాడు.

చికిత్స ఖర్చు నేను పెట్టుకొన్నాను. అది చాలుననుకొన్నాను. మూడు వారాలు నిద్రపట్టక, చివరికి ఆచారి ఇంటికి వెళ్ళి, తాడు నలిగినదని నాకు ముందే తెలుసునని చెప్పినాను. ఆయన చాలాసేపు ఊరకున్నాడు. తిట్టుతాడనుకొన్నాను, తిట్టితే బాగుండుననుకొన్నాను. “నేనూ చూశాను సార్,” అన్నాడు, “మీరు చూశారు గదా అని ఊరుకొన్నాను.”

ఆ మాటను నేను ఎన్నిసార్లు తలచుకొన్నానో చెప్పలేను. ఒకసారి నా అనువాదం ఒకటి అచ్చయిన తరువాత తెరచి చూస్తే, ఒక వాక్యంలో ‘కాదు’ అన్న మాట జారిపోయి అర్థం తలక్రిందులైనది. అచ్చుచిత్తులలో నేను దానిని గమనించినాను, దిద్దేవారు చూచుకొంటారనుకొన్నాను. దిద్దినాయన కూడా గమనించినాడట. అనువాదకుడు ఉద్దేశించే వ్రాసినాడనుకొన్నాడట. ఇద్దరు చూచిన తప్పును ఎవరూ చూడనట్లే అయినది. అక్కడ చెడినది ఒక వాక్యం. ఇక్కడ పోబోయినది ఒక ప్రాణం. రెండింటికీ మూలమైన బద్ధకం ఒక్కటే. ఆనాటి నుండి మా పడవలో ఒక నియమం: తప్పు ఎవరి కంటబడితే వారే, అప్పటికప్పుడే, దిద్దాలి. యజమాని అనే మాట అక్కడ చెల్లదు.

ఆచారి 2019లో కాలం చేసినాడు. మేనల్లుడు ఇప్పుడు ఫైబరు పడవలు పోతపోస్తాడు. కొయ్య పడవలు చేయించుకొనేవారు లేరు. 2024 నవంబరు చివర ‘ఫెంగల్’ తుపాను వస్తున్నదని విని, నేను ఏటికి వెళ్ళేసరికి అతడు అప్పటికే అక్కడ ఉన్నాడు. పిలవలేదు, వచ్చినాడు. డింగీని గట్టుకు లాగి బోర్లించి, కొబ్బరిచెట్టుకు కట్టుతూ, తాడును మొదటి నుండి చివరి వరకు రెండు వేళ్ళ మధ్య జార్చి తడిమి చూచినాడు. ఆ చేయి నేటికీ పూర్తిగా చాపుకొనదు. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. తాడు కొత్తది. అతడేమీ అనలేదు, ముడి బిగించినాడు.

ఆ తుపానుకు ఒక్క పగలూ రాత్రిలో 46 సెంటీమీటర్లకు పైగా వాన కురిసినది. మర్నాడు పడవలో మోకాటిలోతు నీరు తోడి పోసినాము, ఇద్దరమూ. పడవ నిలిచినది. యాభై యేండ్లకు దగ్గరపడిన దానిని ఇక అమ్మివేయుమని మిత్రులు అంటారు. వారి లెక్క సరియైనదే. యానాం ఇక్కడికి సముద్రం మీద 300 నాటికల్ మైళ్ళకు పైచిలుకు. మార్చి దాటి దక్షిణపు గాలి నిలకడగా వీచే రోజులలో నాలుగు పగళ్ళూ రాత్రుళ్ళూ పడుతుంది. ఇంతవరకు వెళ్ళలేదు. వెళతానో లేదో తెలియదు. అడుగున ఒక పలక మెత్తబడినట్లు మొన్న నా వేలికి తగిలినది. ఈసారి ఆదివారం దాకా ఆగలేదు. అక్కడే సుద్దతో గుర్తుపెట్టి, ఉలి తీసినాను.