రంగిని కలిశారా మీరు?

నిడదవోలు అనగానే అందరికీ జంక్షనే గుర్తొస్తుంది. భీమవరం లైను విడిపోయేది ఇక్కడే కదా! కానీ ఇన్ని రైళ్ళూ బస్సులూ లేని రోజుల్లో ఈ డెల్టాకి కాలవే రోడ్డండీ. మన పక్కన విజ్జేశ్వరం దగ్గర గోదారి నీళ్ళు కాలవలోకి దిగుతాయి. ఆ నీళ్ళమీదే ధాన్యం బస్తాలూ మనుషులూ రాత్రనక పగలనక పడవల్లో సాగేవారు. గట్టుమీద ఇద్దరు భుజానికి తాడేసుకుని లాగుతూ నడిచేవారు. లాకు దగ్గర నీటిమట్టం సరిపడేదాకా పడవ ఆగితే, చుట్టలూ కబుర్లూ.

అలాంటి ఓ రాత్రి పడవలోనే పాలగుమ్మి పద్మరాజు గారు ‘పడవ ప్రయాణం’ కథ నడిపించారు. ఆయన మన గోదారి మనిషే. 1915లో తిరుపతిపురంలో పుట్టి, కాకినాడ పి.ఆర్. కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పారు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ కథల పోటీలో ‘గాలివాన’కి ప్రపంచంలో రెండో బహుమతి తెచ్చుకున్నారు. అందరూ ఆ కథ పేరే చెబుతారు. నాకైతే ‘పడవ ప్రయాణం’ ఓ మెట్టు పైనే.

కథేమిటంటారా? రంగీ, పద్దాలూ పడవెక్కుతారు. రంగి పాట పాడుతుంది. తెల్లారేలోగా పద్దాలు సరుకు దొంగిలించి దిగిపోతాడు. పట్టుబడేది రంగి. అప్పుడు ఓ ప్రయాణికుడికి తన గోడు చెప్పుకుంటుంది. పద్దాలు తనని కొట్టాడు, మరొకతెను చేరదీశాడు. అయినా వాడు చివరికి తన దగ్గరికే వస్తాడని ఆమె నమ్మకం.

వాణ్ణి వదిలెయ్యొచ్చుగా అంటాం మనం. అనాలి కూడా. పద్మరాజు గారు వాడి పాపాల్ని ఎక్కడా వెనకేసుకు రాలేదు. అలాగని రంగికి తీర్పు చెప్పే పనీ పెట్టుకోలేదు. ఆమె మాట పూర్తిగా విన్నారు, మనకీ వినిపించారు. కథ రాసేవాడికి ఇంతకన్నా గొప్ప గుణం ఉంటుందనుకోను.

ఈ కథనే 1995లో మలయాళీ దర్శకుడు కె.ఎస్. సేతుమాధవన్ గారు ‘స్త్రీ’ పేరుతో తెలుగులో సినిమాగా తీశారు. రంగిగా రోహిణి, పద్దాలుగా తలైవాసల్ విజయ్. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది, రోహిణికి జ్యూరీ ప్రత్యేక ప్రశంస దక్కింది. ఈ కథని తెరమీదికి తేవడం ఎంత కష్టమైన పనో చూడండి! కథలో రంగి బతుకంతా మనం చీకట్లో ఒక గొంతులోంచి విన్నదే. కెమెరాకి ఆ చీకటి చాటు లేదు. దెబ్బా కనపడాలి, దెబ్బ తిన్నాక కూడా చావని ఇష్టమూ కనపడాలి. ఒక్క పిసరు ఎక్కువైతే రంగి పురాణాల పతివ్రత అయిపోతుంది, తగ్గితే వట్టి పిచ్చిదవుతుంది. రోహిణి ఈ రెండింటికీ చిక్కకుండా నిలబెట్టింది.

‘బంగారుపాప’కి మాటలు రాసినవారు పద్మరాజు గారు. సినిమా ఆయనకి కొత్త కాదు. కానీ తన రంగిని తెరమీద చూసుకోకుండానే 1983లో వెళ్ళిపోయారు. ఆ లోటు మనం తీర్చలేం గానీ, రంగిని మరిచిపోకుండా ఉండగలం. ఊళ్ళో గ్రంథాలయంలోనో కాలేజీలోనో ఓ సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి ఈ కథ పైకి చదివించండి. ఆ తర్వాత సినిమా వెయ్యండి. ముందు కథ, తర్వాతే సినిమా. ఆ వరస మాత్రం తప్పకండి!