తుమ్మయు సర్కారు తుమ్మయు

చదువుకొన్న మనకు చెట్ల పేర్లు తెలిసినంతగా చెట్లు తెలియవు. అమరకోశములోని వనౌషధివర్గమును మేము బాల్యముననే కంఠస్థము చేసితిమి. ఆంగ్ల కావ్యములు చదువునపుడు ఓకు, మేపులు, ఎల్ము అను పేర్లను నేర్చితిమి. కాని మేము కాపురముండు బోయిగూడలో, రైలుకట్ట ప్రక్కను దినదినము కనబడు ముండ్లచెట్టు ఏదియో మాకు తెలియదని మొన్నమొన్నటివరకు మేమెరుగము.

గడచిన ఫాల్గుణమున మా తరగతి పిల్లలను మన దేశపు చెట్ల రెమ్మలు తెమ్మంటిమి. ఒక బాలుడు ముండ్లరెమ్మ నొకదానిని తెచ్చెను. మేము దానిని చేతబట్టి, "ఇది తుమ్మ, సంస్కృతమున బర్బూరము" అని వివరింప మొదలిడితిమి. వెనుకవరుస నుండి యొక బాలిక లేచి, "గాదు సారూ, ఇది సర్కారు తుమ్మ. అసలు తుమ్మ వేరే ఉంటది" అనెను. ఆమె తండ్రి ఇక్కడి కలప అడితిలో దుంగలు మోయువాడు. "అడితిలో విన్నమాటలు బడిలో చెప్పకుము" అని మేమంటిమి. తరగతియంతయు నవ్వెను. ఆ బాలిక కూర్చుండెను. ఆ దినము మరల తల యెత్తలేదు.

రాత్రి ఆ ముఖమే కన్నులకు కట్టినట్లుండెను. లేచి వృక్షశాస్త్రగ్రంథమును తెరచితిమి. బాలిక మాటయే నిజమని తోచెను. మరునాటి సాయంకాలము అడితికి పోయితిమి. ఆ తండ్రి మమ్ము చూచి, తలపాగా తీసి చేతబట్టుకొని, "మా పిల్ల ఏం తప్పు జేసింది సారూ?" అని యడిగెను. ఆ ప్రశ్న మాకు దెబ్బవలె తగిలెను. "తప్పు మాది. రెండు తుమ్మలను చూపింపుమని వచ్చితిమి" అని చెప్పితిమి.

అతడు చూపినది క్లుప్తముగా వ్రాయుచున్నాము. మన నల్లతుమ్మ బెరడు నలుపు, నిలువున పగుళ్లు వారియుండును. ముండ్లు తెల్లనివి, తిన్ననివి, జంటలు జంటలుగా నుండును. ఆకుకాడకు చిన్న కాడలు అనేక జతలుండును. పువ్వు పచ్చని గుండ్రని బంతి. కాయ గింజగింజకును నడుమ నొక్కుకొనిపోయి పూసలదండవలె వ్రేలాడును. సర్కారు తుమ్మకు చిన్నకాడలు సాధారణముగా ఒకటి రెండు జతలే. పువ్వు బంతికాదు, వ్రేలెడు పొడవున లేతపసుపు కంకి. కాయకు నొక్కులు లేవు. పండిన పిదప గడ్డిరంగు తిరుగును. దారిలోనే అతడు సీమచింతను కూడ చూపెను. చింతాకునకు ఒకే ఈనెపై పదికి మించిన జతల చిట్టియాకులుండును. సీమచింతయాకు కాడ రెండుగా చీలి, చీలికకు రెండేసి యాకులే యుండును, మొదట జంటముండ్లుండును, కాయ మెలిదిరిగి, నల్లని గింజలచుట్టు తెల్లని గుజ్జు కలిగియుండును.

ఈ రెండును అమెరికా ఖండపు చెట్లే. సర్కారు తుమ్మకు పుట్టినిల్లు మెక్సికో, కరీబియను ప్రాంతములు. 1877 ప్రాంతమున జమైకా గింజలను తెప్పించి కడప మండలములోని కమలాపురమున నాటించిరి. వంటచెరకునకును బొగ్గునకును పనికివచ్చినను, పశువులు తీపికాయలు మేసి పేడతో గింజలను చల్లగా బీడులన్నింట వ్యాపించి, తన క్రింద గడ్డిని మొలవనీయకున్నది. సీమచింతయు మెక్సికో మొదలగు దేశములనుండి ఫిలిప్పీను దీవులమీదుగా వచ్చినదే. సామర్లకోటలో చాలకాలము పనిచేసిన విలియం రాక్స్‌బరో కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన తన గ్రంథమున దీనిని వర్ణించి, తీయనిదను అర్థము వచ్చు పేరు పెట్టెను. ఇది ఎవ్వరికిని కీడు చేయక, నీడనిచ్చి, పిల్లలకు పండ్లనిచ్చుచున్నది.

ఇక మన సొంతమని మనము చెప్పుకొను చింతమాట. అరబ్బులు దానిని హిందూదేశపు ఖర్జూరమనిరి. 1753లో లిన్నేయసు దాని శాస్త్రనామమున ఇండియా పేరునే చేర్చెను. అయినను దాని జన్మస్థానము ఆఫ్రికా ఖండమని శాస్త్రజ్ఞులు తేల్చియున్నారు. ఎన్ని వేల యేండ్ల క్రిందటనో వచ్చి మన పులుసులో కలిసిపోయినది! వచ్చినచోటునుబట్టి చెట్టు మంచిచెడ్డలను నిర్ణయింపబోయినచో చింతను కూడ వెలివేయవలసివచ్చును. ఆకు చూచి, పువ్వు చూచి, కాయ చూచి, అది ఇరుగుపొరుగు మొక్కలయెడ ఎట్లు వర్తించుచున్నదో చూచి నిర్ణయించుటయే న్యాయము.

చెట్లయెడ ఇంత విచారణ చేయవలెనని ఒప్పుకొను మనము మనుష్యులయెడ చేయుచున్నామా? సంస్కరణమును గూర్చి సభలలో మేమును ఉపన్యసించినవారమే. కాని ఆ బాలిక మాటలోని సత్యమును మేము పరీక్షింపలేదు. ఆ మాట ఎక్కడనుండి వచ్చినదో మాత్రము చూచితిమి. అది అడితినుండి వచ్చినదని త్రోసివేసితిమి. పుట్టుకనుబట్టి మనుష్యుని కొలుచు దురాచారము ఇతరుల ఇండ్లలోనే యున్నదని ఇంతకాలము భ్రమపడితిమి.

మరునాడు తరగతిలో మా తప్పును దాచక చెప్పితిమి. రెండు రెమ్మలను బల్లపై నుంచి, ఆ బాలికను పిలిచి, "నీవు చెప్పుము, తల్లీ" అంటిమి. ఆమె మొదట మా ముఖము చూచెను. పిమ్మట రెమ్మ తీసికొని చిన్నకాడలను లెక్కపెట్టించెను. ఆ దినము నవ్విన పిల్లలు వ్రేళ్లు మడచి లెక్కపెట్టిరి. వారితోపాటు మేమును లెక్కపెట్టితిమి.