ఒకే మైదానం, రెండు జట్లు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం నడుమ స్టేట్ కాలేజ్ అనే పట్టణం ఉంది. పేరు విని కాలేజీ అనుకోవద్దు, అది ఊరి పేరే. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని పెరిగిన ఊరు గనుక ఆ పేరు నిలిచింది. 2023 జూలైలో మేము అక్కడికి వెళ్లినప్పుడు, అక్కడ చదువుకొంటున్న మన తెలుగు విద్యార్థులు ఒక సాయంకాలం మమ్మల్ని బేస్‌బాల్ ఆటకు తీసుకువెళ్లారు.

ఆ స్టేడియం పేరు మెడ్లర్ ఫీల్డ్ ఎట్ లుబ్రానో పార్క్. మెడ్లర్ అనే ఆయన పూర్వం విశ్వవిద్యాలయ జట్టుకు కోచ్. లుబ్రానో విరాళమిచ్చిన పూర్వ విద్యార్థి. దగ్గరలోనే లక్షమందికి పైగా పట్టే బీవర్ ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. దాని ప్రక్కన ఇది చంటిబిడ్డవలె కనబడుతుంది. ఇందులో సుమారు 5,500 మంది కూర్చోవచ్చు. మైదానం అవతల నిట్టనీ కొండ పచ్చగా నిలిచి ఉంటుంది. రాత్రి ఎనిమిది దాటినా వెలుగు పోలేదు.

ఈ మైదానం ఇద్దరిది. 2006 జూన్‌లో స్టేట్ కాలేజ్ స్పైక్స్ అనే మైనర్ లీగ్ జట్టు ఇక్కడ ఆట ప్రారంభించింది. మరుసటి ఏడు నుండి విశ్వవిద్యాలయ జట్టు కూడా ఇక్కడే ఆడుతోంది. విద్యార్థుల ఆటలు ఫిబ్రవరిలో మొదలై మే నెలతో దాదాపు ముగుస్తాయి. మొదటి వారాలలో ఇక్కడ చలి, మంచు గనుక వారు దక్షిణాది రాష్ట్రాలకు పోయి ఆడి వస్తారు. వీరు సెలవులకు ఇండ్లకు వెళ్లే వేళకు స్పైక్స్ వారి ఆటలు ఊపందుకొంటాయి. అవి సెప్టెంబరు ఆరంభం వరకు సాగుతాయి. ఇద్దరి మధ్య తేడా చెవికే తెలుస్తుంది. విద్యార్థులు లోహపు బ్యాటు వాడతారు, బంతి తగిలితే "టింగు"మంటుంది. స్పైక్స్ వారిది కర్ర బ్యాటు. మన క్రికెట్ బ్యాటు చప్పుడుకు అలవాటుపడిన మా చెవులకు అదే ఇంపుగా తోచింది.

మైనర్ లీగ్ అంటే పెద్ద జట్ల కోసం కుర్రవారిని తయారుచేసే బడి వంటిది. అనుబంధ జట్టయితే ఆటగాళ్ల జీతాలు పెద్ద జట్టే భరిస్తుంది. స్పైక్స్ వారు మొదట సెయింట్ లూయిస్ కార్డినల్స్ క్రింద, తరువాత పిట్స్‌బర్గ్ పైరేట్స్ క్రింద, 2013 నుండి మరల కార్డినల్స్ క్రింద ఉన్నారు. 2014లోను, 2016లోను తమ లీగులో విజేతలైనారు.

అంతలో 2020 వచ్చింది. కరోనా వలన ఆ ఏడు మైనర్ లీగ్ ఆటలే జరగలేదు. తరువాత మేజర్ లీగ్ వారు అనుబంధ జట్ల సంఖ్యను 160 నుండి 120కి తగ్గించారు. 1939లో పుట్టిన న్యూయార్క్–పెన్ లీగు అంతటితో ముగిసింది. స్పైక్స్ వారు అందులోని జట్టే. తాము కట్టుకొన్న చిన్న ఆశ ఎక్కడో దూరాన కూర్చున్నవారి లెక్కలలో కొట్టివేయబడినప్పుడు ఒక ఊరికి ఎట్లుంటుందో మనకు తెలియనిది కాదు.

అయితే ఆ మైదానం మూగబోలేదు. 2021లో డ్రాఫ్ట్ లీగ్ అనే కొత్త ఏర్పాటు మొదలైంది. పెద్ద జట్ల కంటబడాలని కోరుకొనే కాలేజీ కుర్రవారికి అది ఒక వేదిక. స్పైక్స్ వారు దానిలో చేరారు. ఒకవేళ వారికి ఆ దారి దొరకకపోయినా, వసంతకాలంలో విద్యార్థులు ఆ గడ్డి మీద ఆడుతూనే ఉండేవారు. ఇద్దరు పంచుకొన్న స్థలానికి ఉన్న మేలు అదే. ఒకరు తడబడినా దీపం ఆరదు.

మీ పిల్లలెవరైనా ఆ ప్రాంతంలో చదువుతుంటే, మీరు చూడబోయినప్పుడు ఒక సాయంకాలం అక్కడ గడపండి. ఏప్రిల్‌లో వెళితే విద్యార్థుల ఆట, జూలైలో వెళితే స్పైక్స్ ఆట. ఏ జట్టు ఆడినా ఎదుట కనబడేది ఆ కొండే.