కార్డు లేని గేమింగ్ పీసీ

మా సూర్యాపేటలో ఐ7 అన్న మాటకున్న పలుకుబడి ఇంతా అంతా కాదు. లోపల ఏముందో ఎవరూ అడగరు. "వాళ్ళ బాబుకి ఐ7 కొన్నారంట" అంటే చాలు, ఆ ఇంటి లెక్కే మారిపోతుంది. పోయినేడాది, అంటే 2025 మే నెలలో, అలాంటి ఐ7 ఒకటి మా ఇంటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళింది.

తమ్ముడు టెన్త్‌లో మంచి మార్కులు తెచ్చుకుంటే కంప్యూటర్ కొనిస్తానని అమ్మ ఎప్పుడో మాట ఇచ్చింది. వాడు తెచ్చుకున్నాడు. అమ్మ చీటీ ఎత్తింది. వచ్చిన దాంట్లోంచి నలభై వేలు తీసి బీరువాలో విడిగా పెట్టి, "ఇంతే. దీని మీద ఒక్క రూపాయి అడిగినా నా దగ్గర లేదు. ఏం కొంటారో మీరే చూస్కోండి" అంది. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నలభై వేలంటే ఎన్ని జాకెట్లో నేను లెక్కేసాను. ఆ నంబర్ ఇక్కడ రాయను.

నాన్నకి తెలిసిన ఒక షాపులో ఆఫర్ ఉంది. ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, లైట్లు వెలిగే క్యాబినెట్, మానిటర్‌తో కలిపి ఇరవై ఎనిమిది వేలు. పన్నెండు వేలు మిగులుతాయని నాన్నకి సంతోషం, లైట్లున్నాయని తమ్ముడికి సంతోషం. నేనొక్కదాన్నే "ఏ జనరేషన్ అన్నా?" అని అడిగాను. "ఐ7 అంటే ఐ7 ఏ చెల్లెమ్మా, అన్నిటికన్నా పైది" అన్నాడాయన. ఇంకో రెండుసార్లు అడిగితే అప్పుడు స్క్రీన్ మీద చూపించాడు. ఐ7-2600. అది 2011లో వచ్చిన ప్రాసెసర్. మా తమ్ముడికి అప్పటికి సరిగ్గా మాటలే రాలేదు.

ఇది సీఎస్ఈ వాళ్ళకి తెలిసిందే అయినా రాస్తున్నా, ఎందుకంటే మన క్లాసులో కూడా "ఐ5 కన్నా ఐ7 బెటర్ కదా" అనేవాళ్ళు ఉన్నారు. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఒకే బ్యాచ్‌లో ర్యాంకులు లాంటివి. ఏ సంవత్సరం బ్యాచ్ అన్నది దాని పక్కనున్న నంబర్ చెప్తుంది. 2022లో వచ్చిన ఐ3-12100లో కూడా ఆ పాత ఐ7లో ఉన్నట్టే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. కానీ ఒక్కో కోర్ స్పీడు దాదాపు రెట్టింపు. పైగా పాత దానికి డీడీఆర్3 ర్యామ్ తప్ప పట్టదు. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ నుంచే, అదీ టీపీఎం 2.0 ఉంటేనే. విండోస్ 10కి అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోతుందని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పేసింది. అంటే మేం కొన్న ఐదు నెలలకే అది దిక్కులేనిదవుతుంది.

ఆ 4 జీబీ కార్డు ఇంకో తమాషా. జీటీ 730. 2014 నాటిది. 4 జీబీ అన్నది మెమరీ సైజు మాత్రమే, వేగంతో దానికి సంబంధం లేదు. పెద్ద ట్యాంకుకి సన్న పైపు పెట్టినట్టు.

నాన్నకి ఇదంతా చెప్తే, "మరి నువ్వే చూడు. తేడా వస్తే మీ అమ్మకి నువ్వే చెప్పుకోవాలి" అన్నారు. అలా ఆ నలభై వేలు నా నెత్తిన పడ్డాయి.

లైట్ గేమింగ్ అంటే ఏంటో ముందు తేల్చుకోవాల్సొచ్చింది. తమ్ముడిని కూర్చోబెట్టి లిస్టు రాయించా. వాలరెంట్, జీటీఏ 5, మైన్‌క్రాఫ్ట్, రాకెట్ లీగ్. ఐదోది సైబర్‌పంక్ అని రాసి, నా మొహం చూసి వాడే కొట్టేసాడు. ఇవి కాక వాడి ఇంటర్ క్లాసుల వీడియోలు, నేను ఇంటికొచ్చినప్పుడు నా కోడింగ్, అమ్మకి బ్లౌజ్ డిజైన్లు పెద్ద స్క్రీన్ మీద చూడడం. ఈ పనులన్నిటికీ ఒక్కటే డబ్బా.

రెండు దారులు కనిపించాయి. ఒకటి ఐ3-12100ఎఫ్ తీసుకుని, దానికి ఓఎల్ఎక్స్‌లో సెకండ్ హ్యాండ్ ఆర్ఎక్స్ 580 కార్డు వెతుక్కోవడం. రెండోది రైజెన్ 5 5600జి. 2021లో వచ్చింది, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, వేగా 7 గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, కూలర్ బాక్స్‌లోనే వస్తుంది. గేముల్లో మొదటిదే గెలుస్తుంది, అందులో డౌట్ లేదు. తమ్ముడు దాని గురించే యూట్యూబ్ లింకులు పంపుతూనే ఉన్నాడు. "కార్డు లేకపోతే అది గేమింగ్ పీసీ ఎట్లయితది అక్కా? ఆఫీస్ కంప్యూటర్ అంటారు దాన్ని."

నా భయం వేరే. ఇంటెల్ పేరు చివర ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేవని. కార్డు పోయిందంటే స్క్రీన్ మీద బొమ్మే రాదు, మొత్తం కంప్యూటర్ ఆగిపోతుంది. ఆ కార్డేమో మైనింగ్‌లో రాత్రీ పగలూ తిరిగిందో ఏమో ఎవరికీ తెలీదు. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ ఆగిపోయాక అలాంటి కార్డులు కుప్పలుగా సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోకి వచ్చాయి. అమ్మేవాడు "లైట్ యూజ్ బ్రో" అనే అంటాడు. వారంటీ ఉండదు. పైగా అదొక్కటే 185 వాట్లు లాగుతుంది కాబట్టి పవర్ సప్లై కూడా పెద్దది కావాలి. డబ్బున్న వాళ్ళకి కార్డు పోతే ఇంకో కార్డు. మాకు రెండో చీటీ లేదు. అందుకే ఏది పోయినా మిగతాది నడవాలి అని రూల్ పెట్టుకున్నా. వాడికి అదే చెప్పా. వాడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గర కూడా "అమ్మా, అక్కని పప్పు ఇటు జరపమను" అని రాయబారాలు.

నాలుగో రోజు పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్ వెళ్ళాం. వాడు కిటికీ పక్క కూర్చున్నాడు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గర దిగి పార్క్‌లేన్ వైపు నడిస్తే చెనాయ్ ట్రేడ్ సెంటర్ వస్తుంది. అందరూ సీటీసీ అంటారు. హైదరాబాద్‌లో కంప్యూటర్ పార్టులంటే అక్కడికే. అంతస్తు అంతస్తునా షాపులే, అట్టపెట్టెల మధ్యలోంచి పక్కకి తిరిగి నడవాలి. ఆన్‌లైన్‌లో ధరలు చూసి పేపర్ మీద రాసుకుని వెళ్ళా. లేకపోతే అక్కడ మాటలకి పడిపోతాం.

మొదటి షాపులో అడుగుతున్నది నేనైతే సమాధానాలు తమ్ముడికి చెప్తున్నాడాయన. "బి450 బోర్డు బయోస్ అప్‌డేట్ అయ్యిందా?" అని నేను. "తమ్మీ, గేమింగ్‌కి అయితే ఇది తీస్కో" అని వాడితో. మా వాడు మూడు రోజుల మౌనం పక్కన పెట్టి, "అన్నా, అక్కతోనే మాట్లాడండి, నాకు ఏం తెల్వదు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. ఆ షాపులో కొనలేదు.

బయోస్ సంగతి ఎందుకంటే, బి450 బోర్డులు రైజెన్ 5000 ప్రాసెసర్ల కన్నా ముందు వచ్చినవి. పాత స్టాక్ అయితే అప్‌డేట్ చెయ్యకుండా 5600జి పెడితే ఆన్ అవ్వదు. రెండో షాపతను పెట్టె మీద స్టిక్కర్ చూపించి, మా ముందే పెట్టి ఆన్ చేసి చూపించాడు. అక్కడే అన్నీ తీసుకున్నాం. ప్రాసెసర్ 11,500. బోర్డు 5,800. ర్యామ్ 3,400. 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ 3,000. పవర్ సప్లై 3,300. లైట్లు లేని క్యాబినెట్ 2,200. 22 ఇంచుల మానిటర్ 7,200. కీబోర్డు, మౌస్ కలిపి 900. యూపీఎస్ 2,600. మొత్తం 39,900. మిగిలిన వందతో రోడ్డు మీద రెండు ఉస్మానియా బిస్కెట్లు, రెండు చాయ్‌లు, చిల్లర. ఈ ధరలు పట్టుకుని ఇప్పుడు మీరు వెళ్ళకండి. పోయినేడాది చివర్నుంచి ఏఐ డేటా సెంటర్ల పుణ్యమా అని ర్యామ్ రేట్లు ఎక్కడికో వెళ్ళాయి.

పవర్ సప్లై దగ్గర మాత్రం బేరం కాదు, గొడవే అయ్యింది. క్యాబినెట్‌తో పాటు తొమ్మిది వందలకే ఒకటి ఇస్తానన్నాడు, పైన 450 వాట్స్ అనే రాసుంది. చేత్తో పట్టుకుంటే ఖాళీ టిఫిన్ బాక్స్ లాగా ఉంది. గేముల్లో ఒక్క ఫ్రేము కూడా పెంచని పార్టు ఇది, అందుకే అందరూ ఇక్కడే మిగిల్చుకుంటారు. కానీ అది పోతూ పోతూ బోర్డునో ఎస్ఎస్‌డీనో తీసుకుపోవచ్చు. మా ఇంట్లో ఎండాకాలం ఓల్టేజీ ఎలా ఊగుతుందో ఫ్యాన్‌ని అడిగితే చెప్తుంది. 80 ప్లస్ బ్రాంజ్ ఉన్నదే కావాలన్నాను, గ్రాఫిక్స్ కార్డుకి 8 పిన్ కనెక్టర్ ఉండాలన్నాను. తమ్ముడు అప్పుడు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "కార్డే లేదు కదా, అదెందుకు?" అన్నాడు. "తర్వాత నువ్వు కొనుక్కుంటావు కదా" అన్నా. తిరుగు ప్రయాణంలో ఇద్దరం ఒకే ఇయర్‌ఫోన్స్‌లో పాటలు విన్నాం.

ఇంట్లో హాల్లో దుప్పటి పరిచి బిగించాం. ఏఎమ్4 ప్రాసెసర్‌కి అడుగున 1331 పిన్నులు, వెంట్రుకల్లా ఉంటాయి. మూలన బంగారు రంగు త్రికోణం బోర్డు మీది గుర్తుకి సరిపెట్టి, నొక్కకుండా దాని బరువుకే దిగనివ్వాలి. తమ్ముడు ఊపిరి బిగబట్టి పెట్టాడు. అన్నిటికన్నా సతాయించింది పవర్ బటన్ వైర్లు. అవి అగ్గిపుల్ల తలంత కూడా ఉండవు, పెట్టాల్సిన పిన్నులేమో మూలన. నా వేళ్ళు పట్టలేదు, వాడివీ పట్టలేదు. అమ్మ మిషన్ ఆపి వచ్చి, "ఏది, ఎందులో పెట్టాలో చూపియ్" అని నాలుగూ నిమిషంలో పెట్టేసింది. సూదిలో దారం ఎక్కించే చెయ్యి కదా. మొదటిసారి ఆన్ చేసింది కూడా అమ్మే.

ఇక ర్యామ్. నేను 16 జీబీ ఒకటి కాకుండా 8 జీబీవి రెండు తీసుకున్నా. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మెయిన్ ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4 3200 ర్యామ్ ఒక స్టిక్ సెకనుకి 25.6 జీబీ ఇస్తే, రెండు ఛానెళ్ళలో రెండు పెడితే 51.2. తమ్ముడు నమ్మలేదు. సరే చూడు అని ఒకటి పీకేసి జీటీఏ 5 పెట్టాం. ఫ్రేములు మూడో వంతు పైనే పడిపోయాయి, కారు మలుపు తిప్పితే స్క్రీన్ నత్తలా తిరిగింది. మళ్ళీ రెండోది పెట్టి, బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేసాం. అది ఆన్ చెయ్యకపోతే చాలా ర్యామ్‌లు పెట్టె మీద రాసిన స్పీడులో నడవవు. వాడు ఐదు నిమిషాలు ఏం మాట్లాడకుండా లాస్ శాంటోస్ అంతా తిరిగి, "ఆఫీస్ కంప్యూటర్ బానే ఉరుకుతుంది" అన్నాడు. వాలరెంట్ లో సెట్టింగ్స్‌లో 60 దాటి హాయిగా నడుస్తోంది.

వాడు ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్. పండగ డబ్బులు, తాతయ్య ఇచ్చినవి ఒక డబ్బాలో వేస్తున్నాడు. ఆర్ఎక్స్ 6600 మీద మనసు పడింది. 132 వాట్లు, ఒకే 8 పిన్, 450 వాట్ల సప్లై చాలు అని నాకే పాఠం చెప్తున్నాడు ఫోన్లో. పోయిన ఆదివారం నాటికి 4,150 అయ్యాయట. "అక్కా, నీ స్టైపెండ్ ఎప్పుడొస్తది?" అని అడిగాడు. నెట్‌వర్క్ సరిగ్గా లేదని పెట్టేసా.