డోరో లోయ ద్రాక్షతోటలు

మా పోర్చుగల్ యాత్రలో లిస్బన్ నగరమున వాస్కోడగామా సమాధిని చూచితిమి. 1498లో కళ్ళికోట చేరినవాఁడతఁడే. అచట మేమెక్కువసేపు నిలువలేదు.

పోర్తోనుండి డోరోనదిపై పడవలో ఎగువకుఁ బయనించితిమి. నిట్టనిలువు కొండలపై రాతిగోడలు పేర్చి, మెట్లుమెట్లుగా ద్రాక్షతోటలు పెంచినారు. 1756లోనే ప్రభుత్వము ఈ ద్రాక్షసీమకు ఎల్లలు నిర్ణయించెను. మద్యము మా గడప త్రొక్కదు. అయినను ఆ గోడలు కట్టిన చేతులను తలఁచి చేమోడ్చితిమి.

1844లో భర్తను గోల్పోయిన అంతోనియా ఫెరైరా ఇచటి తోటల పెత్తనము తానే వహించెను. వేళ్ళరసము పీల్చు ఫిలాక్సెరా పురుగు లోయను పాడుచేయుచున్న కాలమున, 1877లో, ఎగువను క్రొత్తతోట నాటింప మొదలిడెను. అంతకుముందు 1861లో వలైరా సుడియొద్ద ఆమె పడవ తలక్రిందులయ్యెను. తోడనున్న ఫారెస్టరను వర్తకుఁడు మునిఁగెను, ఆమె బ్రతికెను. ఉబ్బిన పెద్దలంగాయే ఆమెను తేల్చినదని లోకులందురు. చీరకట్టిన మనమైనచో ఏమగుదుమో!

నేఁడు ఆనకట్టలచే ఆ సుడి యణఁగినది. మా పడవ అచట సడిలేక సాగెను.