పసుపు రుమాళ్ళ ఊరు

జపాన్ ఉత్తరాన హొక్కైడో దీవిలో, సప్పోరో నగరానికి తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, కొండల నడుమ ఇరుకైన లోయలో యుబారి పట్టణం ఉంది. శరదృతువులో ఒక మధ్యాహ్నం మేము అక్కడికి చేరుకున్నాము. కొండలపై ఆకులు ఎర్రబారి కనువిందు చేస్తున్నాయి. వీధిలో మాత్రం మనిషి అలికిడి లేదు.

ఒకప్పుడు ఈ లోయకు బొగ్గే జీవనాధారం. 1960లో ఇక్కడ సుమారు 1,17,000 మంది నివసించేవారు. 2020 జనగణన నాటికి దాదాపు 7,300 మంది మిగిలారు. వారిలో సగానికి పైగా 65 ఏళ్ళు నిండినవారే. పెట్రోలియం వాడకం పెరిగి, విదేశీ బొగ్గు చౌకగా దిగుమతి కావడంతో గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1981లో ఒక గనిలో జరిగిన గ్యాసు ప్రమాదం 93 మందిని బలిగొన్నది. 1990లో చివరి గని కూడా మూతపడింది. పర్యాటకంతోనైనా ఊరు నిలుస్తుందని పురపాలక సంస్థ అప్పులు తెచ్చి వినోద కేంద్రాలు నిర్మించింది. యాత్రికులు ఆశించినంతగా రాలేదు. 2007 నాటికి 3,530 కోట్ల యెన్ల బాకీతో పట్టణమే దివాలా తీసింది. పన్నులు పెరిగాయి, ఆసుపత్రి చిన్న వైద్యశాలగా మారింది, బడులన్నీ కలిసిపోయి ఒక్క ప్రాథమిక పాఠశాల మిగిలింది. 2019 మార్చి 31న చివరి రైలు వెళ్ళిపోయింది.

రైలు రాని ఆ స్టేషన్ పక్కనే, పడమరకు కాస్త ఉత్తరంగా ఖిబ్లా చూసుకుని అసర్ నమాజు చేసుకున్నాము.

తిరిగి వస్తుండగా ఒక వృద్ధురాలు పొరుగువారి ఖాళీ ఇంటి ముందు కలుపు తీస్తూ కనిపించారు. కొడుకు సప్పోరోలో ఉన్నాడని చెప్పగానే, తల్లిని ఒంటరిగా వదిలేశాడేమోనని మా మనసు తొందరపడింది. మా ముఖాలు చూసి ఆమె గ్రహించినట్లున్నారు. "వాడు రమ్మంటూనే ఉంటాడు. అసలు వాణ్ణి పంపింది నేనే. పని లేని ఊళ్ళో కుర్రవాణ్ణి కట్టేసుకుని ఏం చేయను?" అన్నారు. వెంట ఉన్న మిత్రుడు ఆ మాటలను మాకు వివరించాడు.

మేము సిగ్గుపడ్డాము. కొడుకులను కువైట్‌కు సాగనంపిన రాయచోటి తల్లులు ఇదే మాట చెప్పగా మేము వినలేదా? వృద్ధాప్యానికి చేరిన తల్లిదండ్రుల పట్ల వినమ్రులై ఉండాలని దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తున్నది. ఆ ఆదేశం గీటురాయి అయినది ముందుగా మనకే. ఎదుటివారి కొడుకును తూచడానికి ఇచ్చిన తక్కెడ కాదది.

ఊరి చివర గని కార్మికుల పాత ఇళ్ళ వరుస వద్ద పసుపు రుమాళ్ళు రెపరెపలాడుతున్నాయి. 1977లో ఇక్కడ చిత్రీకరించిన ఒక సినిమాకు అవి గుర్తు. జైలు నుంచి వచ్చే భర్తకు, ఇంకా ఎదురుచూస్తున్నానని భార్య తెలిపే సంకేతమట అది. ఈ లోయలో ఇప్పటికీ తీయని కర్బూజాలు పండుతున్నాయి, రుమాళ్ళు ఎగురుతున్నాయి. వచ్చేవారే తక్కువ.

ఆ రాత్రి బసకు చేరగానే మేమందరం మొదట చేసిన పని, ఇంటికి ఫోన్ చేసి అమ్మకు సలాం చెప్పడం.