కలువల కోసం పొద్దున్నే

మా పెరట్లో పెద్ద తొట్టిలో కలువ మొక్క పెట్టి రెండు వేసవులైంది. ఆకులొచ్చాయి, పువ్వు లేదు. వీడియో కాల్‌లో అమ్మ "పూసిందా?" అని అడిగినప్పుడల్లా మాట మార్చేసేదాన్ని. బోటనీ చదివినదాన్ని, ఏం చెప్పను?

ఈ జూలైలో అమ్మ వచ్చింది. మేముండేది మేరీలాండ్. దగ్గరే కదా అని వాషింగ్టన్ డీసీలోని కెనిల్‌వర్త్ అక్వాటిక్ గార్డెన్స్‌కి తీసుకెళ్ళాను. టికెట్ లేదు కానీ పొద్దున్నే వెళ్ళాలి. మధ్యాహ్నానికి చాలా పూలు ముడుచుకుంటాయి.

"మన కలువలు వెన్నెల్లో కదా పూస్తాయి?" అంది అమ్మ. రాత్రి పూసేవీ, పగలు పూసేవీ రెండూ ఉంటాయని చెప్పాను. అమ్మ మా పాపకి ఇంకోటి నేర్పింది: ఆకుకి కాడ దాకా చీలిక ఉంటే కలువ, చీలిక లేకుండా పళ్ళెంలా ఉంటే తామర.

ఈ తోట 1880ల్లో వాల్టర్ షా అనే ప్రభుత్వ గుమాస్తా సరదాగా మొదలుపెట్టింది. అంతర్యుద్ధంలో ఒక చెయ్యి పోగొట్టుకున్న మనిషి. సొంత ఊరి గుర్తుగా మెయిన్ రాష్ట్రం నుంచి కలువలు తెచ్చి నాటుకున్నారట. తర్వాత కూతురు హెలెన్ ఫౌలర్ నడిపారు. నది పూడికతీత పనుల్లో చెరువులు పోయే ప్రమాదం వస్తే ఆవిడ పోరాడారు. 1938లో ప్రభుత్వమే కొని కాపాడింది. పుట్టిన ఊరి మొక్క కోసం తపించింది మనమొక్కళ్ళమే కాదన్నమాట!

గట్టు మీద నడుస్తూ అమ్మ ఆగింది. "ఈ కుంటల మీద చెట్టు నీడ ఎక్కడన్నా ఉందా?"

లేదు. మా తొట్టి మాత్రం మేపుల్ చెట్టు కింద!

ఇంటికి రాగానే తొట్టిని ఎండలోకి మార్చాం. కలువకి రోజుకి ఆరు గంటల ఎండ కావాలి. కుండీలో నేను వేసిన తేలిక పాటింగ్ మట్టి నీళ్ళలో తేలిపోతుంది. అది తీసేసి బరువైన బంకమట్టి వేశాం. దుంపని ఏటవాలుగా పెట్టి, చిగురు మట్టి పైకి ఉండేలా చూశాం. పైన గులకరాళ్ళు పరిచాం. దోమలు రాకుండా నాలుగు చేపలు వదిలాం. ఇది చలికి తట్టుకునే రకమే. పైన మంచు కట్టినా, దుంప గడ్డకట్టకుండా ఉంటే మళ్ళీ చిగురిస్తుంది.

ఆగస్టులో అమ్మ వెళ్ళిపోయింది. పది రోజులకి గులాబీ రంగు మొగ్గ విచ్చింది. వెంటనే కాల్ చేసి ఫోన్ తొట్టి వైపు తిప్పాను. అమ్మ చాలాసేపు చూసింది.

"నా ముందు పూయచ్చుగా, దొంగముండ!" అంది, కళ్ళు తుడుచుకుంటూ.